వృద్ధులకు పోషకాహారం – రైతు సంతల పాత్ర



సంత ముగిసే వేళకు మీరెప్పుడైనా అటు వెళ్లి చూశారా? పొద్దు గూట్లో పడుతుంటుంది. రైతులు ఖాళీ గంపలు బండికి ఎక్కిస్తుంటారు. అమ్ముడుపోని మెంతికూర కట్టలు, నలిగిన తోటకూర, పగిలిన టమోటాలు కింద పడి ఉంటాయి. అప్పుడు ఒకరిద్దరు ముసలివాళ్లు చేతిసంచీతో మెల్లగా వస్తారు. వంగి, కింద పడ్డవాటిలో బాగున్నవి ఏరుకుంటారు. ఒకసారి నేను అలాంటి ఒక అవ్వను పలకరించాను. "బియ్యం డిపోలో ఇస్తారు నాయనా. కూర యాడ ఇస్తారు?" అంది.

ఆ అవ్వ అడిగిన మాటే ఈనాటి ప్రసంగానికి విషయం. పేద వృద్ధులకు పింఛను ఇస్తున్నాం, బియ్యం ఇస్తున్నాం. కూరగాయల మాట ఎవరూ ఎత్తడం లేదు. ఇంకోవైపు కూరగాయలు పండించిన చిన్న రైతు గిట్టుబాటు ధర లేక సరుకును రోడ్డు పక్కన పారబోసి పోతున్నాడు. ఈ ఇద్దరినీ సంతలోనే కలపగలమా? కలిపితే డబ్బు ఎవరు పెట్టాలి? లెక్క ఎవరు చూడాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతుకుదాం.

ముందుగా ఇప్పటివరకు వృద్ధులకు ఏం అందుతున్నదో చూద్దాం.

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆధారం లేని 65 ఏళ్లు నిండిన వారికి అప్పట్లో కేంద్రం వాటాగా నెలకు 75 రూపాయలు ఇచ్చేవారు. తరువాత ఆ మొత్తం 200 రూపాయలైంది. 2011లో వయోపరిమితిని 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 చేశారు. 80 లోపు వారికి కేంద్రం వాటా నేటికీ 200 రూపాయలే. మిగతాది రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కలుపుతున్నాయి. అందుకే సరిహద్దుకు ఈ పక్క ఒక పింఛను, ఆ పక్క ఇంకో పింఛను.

మన ప్రాంతంలో ఈ తేడా ప్రతి తెలుగు ఇంటికీ అనుభవమే. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. బళ్లారి, సిరుగుప్ప, సండూరు తదితర తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. గీత మధ్యలో పడింది, కానీ వియ్యాలు, బాంధవ్యాలు అటూ ఇటూ అలాగే ఉన్నాయి. ఈనాడు ఆలూరులో ఉన్న అక్కకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై 1 నుంచి ఆ మొత్తాన్ని 3,000 నుంచి 4,000కు పెంచి, ఇంటి గడప దగ్గరే అందజేస్తున్నది. బళ్లారిలో ఉన్న తమ్ముడికి సంధ్యా సురక్ష పింఛను 1,200 రూపాయలు. అదీ 2021లో వెయ్యి నుంచి 1,200 చేసిందే. కర్ణాటకలో ఇంటి యజమానురాలికి 2023 ఆగస్టు నుంచి గృహలక్ష్మి కింద నెలకు 2,000 రూపాయలు వస్తున్నమాట నిజమే. కానీ కోడలి పేరున కార్డు ఉన్న ఇంట్లో అత్తకు ఆ డబ్బు రాదు. ఒంటరిగా ఉన్న తాతకు అసలే రాదు.

ఇక బియ్యం సంగతి. 2000 సంవత్సరం ఏప్రిల్‌లో అన్నపూర్ణ అనే పథకం వచ్చింది. పింఛనుకు అర్హత ఉండి కూడా పింఛను అందని 65 ఏళ్ల వృద్ధులకు నెలకు 10 కిలోల ధాన్యం ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం. మంచి ఆలోచనే. కానీ దాని నియమంలో ఒక మెలిక ఉంది. పింఛను వస్తే బియ్యం లేదు, బియ్యం వస్తే పింఛను లేదు. 2002–03 నుంచి ఈ పథకాలను రాష్ట్రాల ప్రణాళికకు బదిలీ చేశారు. అప్పటి నుంచి దాన్ని నడపడం ఒక్కో రాష్ట్రం శ్రద్ధను బట్టి సాగింది. ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. ఒక సహాయాన్ని ఇంకో సహాయానికి పోటీగా పెడితే, ముసలివాళ్లు ఆఫీసుల మధ్య తిరిగి తిరిగి అలసిపోతారు.

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. అదే సంవత్సరం జూలైలో కర్ణాటకలో అన్నభాగ్య మొదలైంది. 2023 జూలైలో కర్ణాటక ప్రభుత్వం మనిషికి అదనంగా మరో 5 కిలోల బియ్యం ఇవ్వాలనుకుంది. బియ్యం దొరక్క, కిలోకు 34 రూపాయల చొప్పున మనిషికి 170 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసింది. 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ బియ్యమే ఇవ్వసాగింది. అంటే కేంద్రం 5, రాష్ట్రం 5, మొత్తం మనిషికి నెలకు 10 కిలోలు.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. 10 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు 333 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒక మనిషి రోజుకు తినవలసింది ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని అందులో ఉంది. ముసలి ప్రాణం అంత తినలేకపోవచ్చు. అయినా పాలూ, కూరా అవసరమే. ఆ లెక్క ప్రకారం డిపో బియ్యం అవసరానికి మించే ఉంది. కూర మాత్రం సున్న.

ఈ లోటు ప్రభుత్వానికి తెలియక కాదు. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఆ అదనపు 5 కిలోల బియ్యానికి బదులు కందిపప్పు, పెసరపప్పు, నూనె, చక్కెర, ఉప్పు ఉన్న ఆహార కిట్టు ఇవ్వాలని నిర్ణయించింది. బియ్యం ఒక్కటే భోజనం కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. పప్పు, నూనె మూటగట్టి గోదాములో పెట్టవచ్చు. ఆకుకూరను గోదాములో పెట్టలేం. బీరకాయను ప్యాకెట్టులో కట్టి నెలకొకసారి ఇవ్వలేం. మనం బీరకాయ అన్నా, పక్కింటివారు హీరేకాయి అన్నా, అది తోట నుంచి రెండు రోజుల్లో వంటింటికి చేరాలి. కాబట్టి కూరగాయల సహాయం డిపో దారిన రాదు. దానికి సంత దారే దారి.

వృద్ధులకు కూర ఎందుకంత ముఖ్యం అని కొందరికి సందేహం కలగవచ్చు. వయసు మీద పడ్డకొద్దీ ఆకలి తగ్గుతుంది. తినేది కొద్దిగా ఉన్నప్పుడు ఆ కొద్దిలోనే బలం ఉండాలి. గంజి, ఉత్త అన్నం, ఊరగాయ ముక్క తిని పడుకునే ముసలివారికి కడుపు నిండుతుంది, కానీ ఒంట్లో రక్తం పట్టదు. ఆకుకూరల్లో ఇనుము, సున్నం, కంటికి అవసరమైన విటమిన్ ఏ ఉంటాయి. పీచు ఉండడం వల్ల మలబద్ధకం తగ్గుతుంది. పళ్లు ఊడినవారికి సొరకాయ, గుమ్మడికాయ, పుండికూర, చుక్కకూర మెత్తగా ఉడుకుతాయి. జొన్నరొట్టె నమలలేని అవ్వ కూడా మెంతికూర పప్పులో అన్నం కలుపుకొని తినగలదు. ఇదంతా మన పెద్దలకు తెలియని విద్య కాదు. తెలుసు, కొనే స్తోమత లేదు.

రోజుకు 400 గ్రాములంటే నెలకు 12 కిలోలు. కిలో సగటున 40 రూపాయలనుకుంటే 480 రూపాయలు. 1,200 రూపాయల పింఛనులో అది నూటికి 40 వంతులు. మాత్రలు, కరెంటు, ఆసుపత్రికి పోయే ఆటో, మనవడికి ఒక బిస్కెట్టు పొట్లం, ఇవన్నీ పోగా కూరకు మిగిలేదేమిటో మీరే ఊహించండి.

ఇప్పుడు రైతు వైపు చూద్దాం.

మనకు తూర్పున కర్నూలు జిల్లాలో పత్తికొండ టమోటా మార్కెట్టు ఉంది. పంట ఒక్కసారి విరగకాసిన రోజుల్లో అక్కడ టమోటాకు కిలో రూపాయి, రెండు రూపాయలు కూడా పలకక, రైతులు గంపలు రోడ్డు మీద కుమ్మరించిన వార్తలు మనం ఎన్నోసార్లు విన్నాం. అదే టమోటా 2023 జూన్, జూలై నెలల్లో కిలో వంద రూపాయలు దాటింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టమోటా కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. అంటే ధర పడిపోయినా, పెరిగిపోయినా, రైతుకూ పేదవాడికీ మధ్య ఒక నమ్మకమైన చోటు ఉండాలి. ఆ చోటు పేరే రైతు బజారు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. అంతకుముందు పంజాబు ప్రాంతంలో 1987లోనే అప్నీ మండీ అని నడిచింది. 1999 నవంబరులో తమిళనాడులో ఉళవర్ సందై వచ్చింది. కర్ణాటకలో రైత సంతె అని పేరు. పేరు ఏదైనా పద్ధతి దాదాపు ఒకటే. మధ్యలో దలారీ ఉండడు. పండించిన రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. ప్రతి ఉదయం టోకు ధర, చిల్లర ధర చూసి, రెండింటికీ మధ్యలో ఒక ధర నిర్ణయించి పలక మీద రాస్తారు. ఒక అధికారి అక్కడే కూర్చుని తూకాలు, ధరలు, కార్డులు చూస్తాడు. నిర్వహణ ఖర్చు మార్కెట్ కమిటీ నిధుల నుంచి వస్తుంది. ఒక విధంగా చెప్పాలంటే, కూరగాయల సహాయాన్ని నడపడానికి కావలసిన యంత్రాంగంలో సగం ఇక్కడే ఉంది. లేనిదల్లా డబ్బు లేని వృద్ధుడి చేతికి ఒక చీటీ.

అలాంటి చీటీ ఇంకో దేశంలో నడుస్తున్నది. అమెరికాలో 2001లో దీన్ని ప్రయోగంగా మొదలుపెట్టి, 2002 వ్యవసాయ చట్టంలో చేర్చారు. 60 ఏళ్లు దాటిన తక్కువ ఆదాయం గల వృద్ధులకు పంటల కాలంలో కూపన్లు ఇస్తారు. వాటితో రైతుల సంతలో తాజా కూరగాయలు, పండ్లు కొనుక్కోవచ్చు. 2008 చట్టంలో తేనె కూడా చేర్చారు. అదే చట్టంలో ఏడాదికి 2 కోట్ల 6 లక్షల డాలర్లు కేటాయించారు. ధనిక దేశం కదా, బోలెడంత ఇస్తారనుకోకండి. చాలా ఏళ్లపాటు ఒక్కో వృద్ధుడికి ఏడాదికి 20 నుంచి 50 డాలర్లే ఇచ్చారు. మొత్తం చిన్నదే, కానీ దాన్ని నడిపే తీరులో మనం గమనించవలసిన నాలుగు విషయాలున్నాయి.

మొదటిది, కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, రాష్ట్రం నడుపుతుంది. ఆ డబ్బులో నిర్వహణకు నూటికి పది వంతులు మించకూడదని కట్టుబాటు పెట్టారు. లేకపోతే సొమ్మంతా జీతాలకు, జీపులకు, బ్యానర్లకు పోతుంది.

రెండవది, రాష్ట్రంతో ఒప్పందం చేసుకున్న రైతులు, సంతలు మాత్రమే కూపను తీసుకోవాలి. బయట ఎక్కడో కొన్న సరుకు తెచ్చి అమ్మే వ్యాపారికి అందులో చోటు లేదు.

మూడవది, కూపనుకు చిల్లర తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే అది కూరగాయల చీటీ కాక నగదు చీటీ అయిపోతుంది.

నాలుగవది, నడవలేని వృద్ధుడు తన తరఫున ఇంకొకరిని పంపవచ్చు. ఈ ఒక్క నియమం లేకపోతే మంచాన పడ్డవారికి, అంటే ఎక్కువ అవసరం ఉన్నవారికే, పథకం అందకుండా పోతుంది.

ఇక మన జిల్లాకు వద్దాం. ఇలాంటి సంత చీటీని ఇక్కడ నడపాలంటే డబ్బు ఎక్కడిది?

బళ్లారి గనుల జిల్లా. సండూరు కొండల నుంచి ఇనుప రాయి దశాబ్దాలుగా లారీలెక్కి పోతున్నది. ఆ ఎర్రదుమ్ము దారి పక్క ఊళ్ల తోటల మీద, ముసలివాళ్ల ఊపిరితిత్తుల మీద పడింది. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ప్రతిష్ఠానం ఏర్పాటు చేయాలన్నారు. పాత లీజు ఉన్న గనుల యజమాని తాను కట్టే రాయల్టీలో నూటికి 30 వంతులు, వేలంలో లీజు పొందినవాడు 10 వంతులు అదనంగా ఈ ప్రతిష్ఠానానికి కట్టాలి. ఆ డబ్బును ఎలా ఖర్చు పెట్టాలో ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన చెబుతుంది. అందులో కనీసం 60 వంతులు ముఖ్య రంగాలకు ఖర్చు చేయాలని 2015 నియమావళిలో రాశారు. ఆ ముఖ్య రంగాల పట్టికలో తాగునీరు, ఆరోగ్యం, విద్యలతో పాటు వృద్ధుల, వికలాంగుల సంక్షేమం అని స్పష్టంగా ఉంది. రోడ్లు, భవనాలు కనబడతాయి, శిలాఫలకం వేయవచ్చు. అవ్వ కంచంలో పుండికూరకు శిలాఫలకం వేయలేం. అయినా నియమం ప్రకారం దానికీ ఆ డబ్బులో హక్కు ఉంది.

ఇక్కడ ఒక ఇబ్బందిని దాచకుండా చెప్పాలి. ఆ నిధి గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాలకు ఉద్దేశించింది. సండూరు వృద్ధులకు అది సరిపోతుంది కానీ, కాలువ కింద వరి పండే సిరుగుప్ప వృద్ధులకు వర్తింపజేయడం కష్టం. కాబట్టి గనుల ఊళ్లలో ప్రతిష్ఠానం నిధి, మిగతా ఊళ్లలో రాష్ట్ర బడ్జెట్టు, సంత నిర్వహణకు మార్కెట్ కమిటీ, ఇలా మూడు చేతులు కలవాలి. మూడు చేతులు కలిసినచోట ఎవరి చేయి వెనక్కు పోయిందో తెలియాలంటే లెక్క ఒకచోటే ఉండాలి.

ఎంత అవుతుందో కూడా చూద్దాం. ఒక్కో వృద్ధుడికి వారానికి 50 రూపాయల చీటీ ఇస్తే ఏడాదికి 2,600 రూపాయలు. ఒక తాలూకాలో వెయ్యి మందితో మొదలుపెడితే 26 లక్షలు. నిర్వహణకు పదో వంతు, 2 లక్షల 60 వేలు. మొత్తం 28 లక్షల 60 వేలు. 50 రూపాయలకు కిలో 40 చొప్పున కిలోంబావు కూరగాయలు వస్తాయి. వారానికి కావలసింది 2 కిలోల 800 గ్రాములు. అంటే సగం కూడా తీరదు. కానీ వారంలో నాలుగు రోజులైనా ఆకుకూర పప్పు తినగలుగుతారు. ఏమీ లేనిచోట అది తక్కువేమీ కాదు.

డబ్బు దొరికిందనుకుందాం. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. మన పథకాలు డబ్బు లేక చెడినవాటి కంటే నడక చెడి చెడినవే ఎక్కువ. అందుకని కొన్ని మాటలు.

కొత్తగా దరఖాస్తులు పిలవకూడదు. పింఛను జాబితా ఇప్పటికే ఉంది. దాన్నే తీసుకోవాలి. మళ్లీ ఆదాయం సర్టిఫికెట్టు, వయసు సర్టిఫికెట్టు అని నాడకచేరి చుట్టూ తిప్పితే, తిరగగలిగినవాడికే చీటీ దొరుకుతుంది. జాబితాలో లేని నిరుపేదలను మాత్రం గ్రామసభలో అందరి ముందూ చేర్చాలి. పేర్లు పంచాయతీ గోడ మీద కన్నడంలోనూ తెలుగులోనూ రాయాలి. మన ఊళ్లలో కన్నడం మాట్లాడతారు కానీ చదవలేని తెలుగు ముసలివారు ఎందరో ఉన్నారు.

చీటీ కాగితమే మేలు. డిపోలో వేలిముద్ర పడక వెనక్కు తిరిగిన వృద్ధులను మనమంతా చూశాం. జీవితమంతా కలుపు తీసి, రాళ్లు కొట్టి, బట్టలుతికి అరిగిపోయిన వేళ్లు యంత్రానికి ఎలా కనబడతాయి? పది రూపాయల చొప్పున ఐదు చీటీలు, వాటి మీద వరుస నంబరు, వారం తేదీ ఉన్న చిన్న పుస్తకం చాలు. పది రూపాయల చీటీ అయితే చిల్లర గొడవ ఉండదు. రెండు కట్టల ఆకుకూరకు ఒక చీటీ, అరకిలో వంకాయలకు రెండు చీటీలు. లెక్క అవ్వకూ తెలుసు, రైతుకూ తెలుసు.

రైతుకు డబ్బు ఆలస్యం కాకూడదు. ఇది అన్నింటికంటే ముఖ్యం. చిన్న రైతు సంత నుంచి పోతూ పోతూ విత్తనాలకు, డీజిలుకు, బిడ్డ ఫీజుకు డబ్బు తీసుకుపోవాలి. చీటీలు ఇచ్చి మూడు నెలలకు బిల్లు వస్తుందంటే, వచ్చే సంతకు అతను చీటీ చూపిన అవ్వను "ఈరోజు చీటీ తీసుకోము" అంటాడు. అప్పుడు పథకం కాగితం మీద బతికి, సంతలో చచ్చిపోతుంది. కాబట్టి సంత ముగిసే గంటలోనే సంత అధికారి చీటీలు లెక్కపెట్టి, ఆ సాయంత్రమే రైతుకు నగదు గాని ఖాతాలో జమ గాని చేయాలి. అందుకు నెల ఖర్చుకు సరిపడా సొమ్ము ముందుగానే సంత దగ్గర నిల్వ ఉండాలి. మార్చి 31కి మిగిలిన సొమ్ము వెనక్కు పోకుండా, మరుసటి మూడు నెలలకు వాడుకొనే వీలుండాలి. ఎండాకాలంలోనే కూరగాయల ధర ఎక్కువ, మన బడ్జెట్టు చిక్కులూ అప్పుడే ఎక్కువ.

మోసం జరగదా అంటే జరగవచ్చు. ఎవరో పెద్దమనిషి ముసలివాళ్ల దగ్గర యాభై రూపాయల చీటీ పుస్తకాన్ని పాతిక రూపాయలకు కొని రైతు పేరున మార్చుకోవచ్చు. దీనికి మందు ఎక్కువ కాగితాలు కాదు, ఎక్కువ కళ్లు. ఏ రైతు దగ్గర ఎన్ని చీటీలు వచ్చాయో ఆ సాయంత్రమే పలక మీద రాస్తే చాలు. మూడు గంపలు తెచ్చిన రైతు పేరున ముప్పై గంపల చీటీలు కనబడితే, పక్క రైతే నిలదీస్తాడు. మూడు నెలలకొకసారి గ్రామసభలో లెక్క చదవాలి.

నడవలేనివారి సంగతి మరవకూడదు. కొడుకో, కోడలో, పక్కింటి పిల్లో వారి తరఫున వచ్చి కొనవచ్చని పుస్తకం మీదే ఆ మనిషి పేరు రాయించాలి. ఎవరూ లేనివారికి ఊరి స్వసహాయ సంఘం మహిళలు గంప తెచ్చి ఇవ్వవచ్చు. వాళ్ల శ్రమకు నిర్వహణ సొమ్ములో నుంచి కొంత ముట్టజెప్పాలి.

ఇంత తంటా ఎందుకు, ఆ డబ్బే ఖాతాలో వేస్తే పోలేదా అని అడిగేవారున్నారు. సబబైన ప్రశ్నే. నగదు చేతిలో ఉంటే మనిషికి స్వేచ్ఛ ఉంటుంది. ముసలివారికి ఏం కొనాలో మనం చెప్పనక్కరలేదు. పింఛను పెంచడానికి ఈ చీటీ ప్రత్యామ్నాయం కాదని నేనూ ఒప్పుకుంటాను. ముందు పింఛను పెరగాలి. కానీ ఖాతాలో పడిన డబ్బు ఎవరి చేతికి వస్తుందో చూడండి. కార్డు కొడుకు జేబులో ఉంటుంది. 170 రూపాయలు పడ్డ సంగతి చాలామంది ముసలివారికి తెలియను కూడా లేదు. చీటీని కొడుకు సారాయి కొట్లో మార్చుకోలేడు. అంతేకాదు, నగదు ఎక్కడైనా ఖర్చవుతుంది. చీటీ మాత్రం మన ఊరి రైతు గంపలోకే వస్తుంది. ఒకే రూపాయి రెండు ఇళ్లలో పొయ్యి వెలిగిస్తుంది.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. సహాయం తీసుకునేటప్పుడు మనిషి తల వంచుకోవలసిన అవసరం రాకూడదు. డిపో ముందు వరుసలో నిలబడ్డ అవ్వకూ, సంతలో గంప ముందు నిలబడి "ఈ కట్ట వాడిపోయింది, ఇంకోటి ఇయ్యి" అని బేరమాడే అవ్వకూ ఎంతో తేడా ఉంది. మొదటి అవ్వ ఇచ్చింది పుచ్చుకుంటుంది. రెండవ అవ్వ కావలసింది ఏరుకుంటుంది. సంత అంటే మన పెద్దవాళ్లకు సరుకు ఒక్కటే కాదు. ఆ రోజు వాళ్లు నలుగురిని చూస్తారు, మంచీ చెడ్డా మాట్లాడుకుంటారు, ఎవరింట్లో పెళ్లో, ఎవరికి జబ్బో తెలుసుకుంటారు. వారానికి ఒకసారి ఆ కారణం మీద ఇల్లు దాటి రావడం కూడా ఒక ఔషధమే.

మరి ఇప్పుడు మనం చేయగలిగిందేమిటి? గనుల ఊళ్ల శ్రోతలు వచ్చే గ్రామసభలో లేచి, ఖనిజ ప్రతిష్ఠానం నిధిలో వృద్ధుల సంక్షేమానికి మన ఊరికి ఎంత రాశారని అడగవచ్చు. అడగడానికి అర్జీ అక్కరలేదు, గొంతు ఉంటే చాలు. మార్కెట్ కమిటీ సభ్యులు ఒక్క సంతలో, వంద మంది వృద్ధులతో, ఆరు నెలలు ప్రయత్నించి చూడవచ్చు. వంద మందికి వారానికి 50 రూపాయల చొప్పున ఆరు నెలలకు లక్షా 30 వేలు. ఒక చిన్న మోరీకి పెట్టే ఖర్చుతో ఇది నడుస్తుంది. సరిహద్దుకు ఆ పక్క ఆలూరు, ఆదోని, రాయదుర్గం శ్రోతలకు పింఛను కాస్త మెరుగ్గా ఉంది, రైతు బజార్ల అనుభవమూ ఉంది. ఈ పక్కవారికి గనుల నిధి ఉంది. ఎవరి దగ్గరున్నది వారు వాడుకోవచ్చు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవచ్చు.

బియ్యం డిపోలో ఇస్తారు, కూర యాడ ఇస్తారని అవ్వ అడిగింది. కూర సంతలోనే ఉందవ్వా, నీ చేతికి చీటీ రావడమే ఆలస్యం అని మనం చెప్పగలిగే రోజు రావాలి. సంత ముగిశాక కింద పడ్డవి ఏరుకోవడానికి కాకుండా, సంత మొదలైనప్పుడే తాజా కట్ట ఎంచుకోవడానికి ఆమె రావాలి.